ముందుగంట

పైడిరాజు మణికట్టు మీద గంట మోగే సమయానికి ఇంట్లో అందరూ చెప్పులు తొడుక్కుని గుమ్మంలో ఉన్నారు.

తల్లి అసిరమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. అందులో కొత్త చీర, పసుపు, గాజులు ఉన్నాయి. ఆమె చెల్లెలి మనవరాలికి ఆ రోజు సీమంతం.

"ఆగండి. కూకోండి అందరూ. రవణా, నీల్లు అట్టుకురా."

పైడిరాజు భార్య రవణమ్మ చెప్పులు విప్పి లోపలికి పోయింది. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళడం ఆ ఇంట్లో తాతల నాటి అలవాటు. గంట వచ్చాక దాన్నీ ఆ వరసలోనే కలిపేశారు. మోగితే చాలు, పొయ్యి మీది కుక్కర్ దిగిపోతుంది, టీవీ నోరు మూసుకుంటుంది, పక్కింటివాళ్ళకు సైగ వెళుతుంది.

అందరూ చాప మీద కూర్చుని పైడిరాజు ముఖం చూస్తున్నారు. అతను నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. కాసేపటికి ముక్కుపుటాలు అదిరాయి. అరచేతుల్లో చెమట పట్టింది. లుంగీకి తుడుచుకున్నాడు, మళ్ళీ పట్టింది. ఊపిరి సగంలో తెగిపోతున్నట్టు భుజాలు ఎగరేస్తున్నాడు.

"వచ్చీసింది," అంది అసిరమ్మ, బస్సు వచ్చినట్టు. "సూసారా, గంట సెప్పినట్టే అయినాది. బతికించినాది తల్లి. రోడ్డు మీద వచ్చుంటే ఏటయిపోను?"

అది తగ్గేసరికి సీమంతం ముహూర్తం దాటిపోయింది. పళ్ళెం పక్కింటావిడతో పంపించారు. ఆ నెలలో వాళ్ళు వెళ్ళలేకపోయిన వేడుకల్లో అదొకటి.

పైడిరాజు చెల్లెలు కనకం మాత్రం చాప మీద కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడింది. ఆ గంట అబద్ధమని ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

* * *

గాభరా వచ్చిందని మనిషికి తెలిసే ముందే అతని ఒంటికి తెలుస్తుంది. గుండె ఒక రకంగా తడబడుతుంది, ఊపిరి చిన్నదవుతుంది, చర్మం తడిస్తుంది. ఆ మార్పుల్ని చెవి వెనక అంటించిన చిన్న బిళ్ళ పసిగట్టి, రెండు నిమిషాల ముందే మణికట్టు మీది గంటను మోగిస్తుంది. ఇది ప్రొఫెసర్ తారకం గారి ఆలోచన. ముందే తెలిస్తే నిచ్చెన మీద ఉన్నవాడు దిగుతాడు, బండి నడిపేవాడు పక్కకు తీస్తాడు. దానికి ముందుగంట అని పేరు పెట్టింది కూడా ఆయనే.

అది పనిచేస్తుందని రుజువు చేయాలంటే సగం మందికి నిజం గంట, సగం మందికి ఉత్త గంట ఇవ్వాలి. ఉత్త గంటకు ఒంటితో సంబంధం లేదు. దాని ఇష్టం వచ్చినప్పుడు మోగుతుంది. ఏ గంటలో ఏ ప్రోగ్రాం ఎక్కించాలో చూసుకునే పని ల్యాబులో నలుగురైదుగురు టెక్నీషియన్లది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ట్రే. ఎవరి ట్రే సంగతి వాళ్ళకే తెలియాలి.

"నీ నోటికి తాళం వేసుకోవాలమ్మా," అన్నారు తారకం గారు మొదటి రోజు. "నాక్కూడా చెప్పకూడదు. చెప్తే సైన్సు చెడిపోతుంది."

కనకానికి ఆ మాట గర్వంగా ఉండింది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. పైడిరాజు రేవులో క్రేను నడిపి చదివించాడు. ఇప్పుడు ఒక ప్రొఫెసర్ ఆమెను నమ్మి రహస్యం చేతిలో పెట్టాడు.

గంటలు కట్టుకునేవాళ్ళు చాలినంతమంది దొరకలేదు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా గాభరా ఉంటే తీసుకురండి అన్నారు తారకం గారు. "మనవాళ్ళయితే మధ్యలో మానెయ్యరు." కనకం ఆ సాయంత్రమే అన్నయ్యతో చెప్పింది.

పైడిరాజుకు గాభరా క్రేను మీదే మొదలైంది. ఒకసారి గాలికి కంటైనర్ ఊగి ఓడ అంచు దాకా వెళ్ళింది. ఎవరికీ ఏమీ కాలేదు. అతనే నిదానంగా దాన్ని నిలబెట్టి దించాడు. కింద చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి వారం, గాలి లేని రోజున, నిచ్చెన సగంలో చేతులు బిగుసుకుపోయాయి. పైకి పోలేడు, కిందికి రాలేడు. ఇద్దరు తాడు కట్టి దింపారు. అప్పటినుంచీ నేల మీద నిలబడి, ఎత్తాల్సిన సరుకుకు స్లింగు తాళ్ళు తగిలించే పని ఇచ్చారు. మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. అందులో పాసయితే మళ్ళీ క్రేను పైన అద్దాల కేబిన్. లేకపోతే ఇక జన్మలో పై మెట్టు ఎక్కనివ్వరు.

"కింద ఉంటే అందరి నడుములూ కనబడతాయే కనకం," అనేవాడు. "పైనుంటే సముద్రం కనబడతాది. నాకు ఆ గాజు గది కావాల."

గంటలు ఇచ్చే రోజున అతను ఉతికిన చొక్కా వేసుకుని ల్యాబుకు వచ్చాడు. కనకం తన ట్రే ముందు పెట్టింది. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో కనకానికే తెలుసు.

"ఏది మంచిదే? వంకాయలు ఏరినట్టు ఏరనిస్తావేటి?"

"ఏదైనా ఒకటే అన్నా."

అతని చెయ్యి ట్రే మీద తిరిగింది. ఒక నిజం గంట మీద ఆగింది. మళ్ళీ కదిలింది. కనకం కిటికీ వైపు చూసింది. తల తిప్పేసరికి అతను ఉత్త గంట తీసి కట్టుకుంటున్నాడు. చేతి మీద వెంట్రుకలు పట్టీలో ఇరుక్కుని "అబ్బా" అని నవ్వాడు.

* * *

గంటకు బ్యాటరీ మార్చేటప్పుడు, చెవి వెనక బిళ్ళ తీసిన అన్నయ్య ఒంటి లెక్కలు కనకం తన ఫోనులోకి తీసి చూసేది. అందరి లెక్కలూ నేరుగా తారకం గారికి పోతాయి. ఆమె చూడగలిగింది ఈ ఒక్కటే.

గంటకు ముందు పైడిరాజు గుండె హాయిగా ఉంది. అన్నం తింటున్నాడు, కూనిరాగం తీస్తున్నాడు, కునుకు తీస్తున్నాడు. గంట మోగింది. అప్పుడు గుండె ఎగిరింది. రెండు నిమిషాలకు గాభరా వచ్చింది. ఏ రోజు తీసినా అదే వరస. గంట రాకముందు వారానికి ఒకటో రెండో వచ్చేవి. ఇప్పుడు మోగినప్పుడల్లా వస్తోంది. పిలిస్తే పలికినట్టు వస్తోంది.

ఇల్లు కూడా దాని చుట్టూ చిన్నదైపోయింది. రవణమ్మ బజారుకు వెళితే పరుగున వచ్చేస్తోంది. అసిరమ్మ గంట పట్టీకి పసుపుతాడు చుట్టింది. ఎవరైనా గట్టిగా నవ్వితే "మోగిందేటి?" అని ఉలిక్కిపడుతున్నారు. చుట్టాలు పిలవడం తగ్గించారు. పిలిచినా రారు కదా అని.

కనకం ల్యాబులో తారకం గారి గదికి వెళ్ళింది. ఆయన మెత్తటి మనిషి. ఎవరు వచ్చినా ముందు తన డబ్బాలోంచి చెగోడీలు పెట్టేవారు.

"సార్, ఉత్త గంట హాని చేస్తోంది. అది మోగబట్టే గాభరా వస్తోంది."

"నాకూ అలాగే అనిపిస్తోందమ్మా," అన్నారాయన. కళ్ళు మెరిశాయి. "ఎంత అందమైన సంగతి చూడు. మనిషిలో గాభరా లేకపోయినా గంట కొట్టి తెప్పించవచ్చు."

"ఆపేద్దాం సార్."

"ఆపితే ఏం తెలుస్తుంది? ఇంకొన్నాళ్ళే. నువ్వు మాత్రం ఇంట్లో నోరు విప్పకు. విప్పితే ఇన్నాళ్ళ పనీ బూడిదలో పోసినట్టే. నీ ఉద్యోగం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు."

చెగోడీ చేతిలోనే ఉండిపోయింది. బయటికి వచ్చాక కాకులకు వేసింది.

* * *

సెలవు రోజు మధ్యాహ్నం పైడిరాజు పెరటి మెట్ల మీద కూర్చుని తాటిముంజలు ఒలుస్తున్నాడు. కనకం పక్కన కూర్చుంది.

"అన్నా, ఒకటి చెప్తాను. కోప్పడకు."

"ఎవడైనా నచ్చాడేటి? పేరు సెప్పు. ఈ గంట ఊడదీసి వాడికి కడతాను. మన కనకంతో ఏగాలంటే వాడికే అవసరం."

ఆమె నవ్వలేదు.

"నీ గంట ఉత్తది."

పైడిరాజు ముంజ కాయలోకి బొటనవేలు పెట్టి అలాగే ఆగాడు. నీళ్ళు మోచేతి దాకా కారాయి.

"ఉత్తదంటే?"

"దానికి నీ ఒంట్లో సంగతి ఏమీ తెలీదు. ఊరికే మోగుతుంది. సగం మందికి అలాంటివే ఇచ్చాం. ఏది ఎవరికి ఎంత పనిచేస్తుందో చూడటానికి."

"మరి నాకు వచ్చింది ఉత్తదేటి? సచ్చిపోతానేమో అనుకున్నాను కాదే."

"నీకు వచ్చింది నిజమే. గంట పిలిస్తే వచ్చింది. మోగకపోతే అన్నిసార్లు వచ్చేది కాదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"అందులో ప్రోగ్రాం ఎక్కించింది నేనే."

వంటింట్లోంచి రవణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టుంది.

"కుక్కర్ మానీసినాను," అంది. "మా అక్క కొడుకు పెళ్ళికి పోలేదు. ఈయన నిద్రపోతంటే ఊపిరి లెక్కెట్టుకుంటా కూకున్నాను. నువ్వు ఈ ఇంట్లోనే తింటా, అదంతా సూస్తా ఉన్నావా కనకం? మీ ల్యాబులో సెప్పుకుని నవ్వుకున్నారా?"

"ఎవరూ నవ్వలేదు వదినా."

"నవ్వుకున్నా బాగుణ్ణు. మనుషులనుకుందును."

అసిరమ్మకు సంగతి మొత్తం చెప్పేసరికి సాయంత్రమైంది. ఆమెకు కోపం రాలేదు. కొడుకు గంటకు చుట్టిన పసుపుతాడు సర్దింది.

"తుమ్ము మాత్రం నిజమేటి? అదీ ఉత్తదే. అయినా ఆగతాం కాదేటి?"

పైడిరాజు గంట విప్పి మెట్టు మీద పెట్టాడు. చెవి వెనక బిళ్ళ ఊడిరాదు, జిగురు దానంతట అది వదలాలి. దాన్నలా ఉండనిచ్చాడు. ఒలిచిన ముంజలన్నీ ఆమె ముందుకు తోసి లేచి వెళ్ళిపోయాడు.

కనకం ఆ గంట తీసి తన గదిలో దాచి, అది పోతే పీడ పోయినట్టేనని అనుకుంది. అలా జరగలేదు. గంట ఉన్నప్పుడు అది మోగేదాకా పైడిరాజు నిశ్చింతగా ఉండేవాడు. ఇప్పుడు ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్ళు లేరు. అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకుని చెవులు రిక్కించి వినేవాడు, లేని గంట కోసం. బనీను గుండె దగ్గర నలిపి నలిపి చిరిగింది. స్లింగు తగిలించే పనికి కూడా రెండు రోజులు పోలేదు. నాలుగో రోజో ఐదో రోజో కనకం గది తలుపు తట్టాడు.

"అది ఇచ్చీ."

"ఏది?"

"గంట."

"అది పనిచెయ్యదన్నా. చెప్పాను కదా."

"పనిసెయ్యకపోతే పోనీ. మోగీదాకా రాదని ఒక ధైర్యం ఉండీది. ఇప్పుడు పొద్దస్తమానం మోగుతున్నట్టే ఉన్నాది." అతను చెల్లెలి ముందు చెయ్యి చాపాడు. "నీకు దణ్ణం పెడతాను. ఇచ్చీ."

కనకం ఇవ్వలేదు. ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. రవణమ్మ ఆమె కంచం కడగడం మానేసింది. నిజం చెప్పినందుకు ఇంట్లో ఆమెకు దొరికింది అది.

* * *

మార్పు చేపల గంప దగ్గర వచ్చింది.

ఆ ఉదయం చేపలమ్మే నూకాలు గుమ్మంలో గంప దించి, కవళ్ళ చేపల కుప్పకు ధర చెప్పింది. రవణమ్మ సగానికి అడిగింది. ఇద్దరూ వాదం అందుకున్నారు. పైడిరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు వచ్చింది. గంట లేదు, కబురు లేదు. గుండె గొంతులోకి వచ్చింది. లేచి లోపలికి పోదామనుకునేసరికి నూకాలు గంప ఎత్తి అతని చేతుల్లో పెట్టేసింది.

"ఇది కూసింత అట్టుకో బాబూ. నీ పెళ్ళాంతో తేల్సుకోవాల."

చేపల గంప చేతుల్లో ఉంటే ఎక్కడికి పోతాడు? నీసు నీళ్ళు లుంగీ మీదికి కారుతున్నాయి. ప్రాణం పోతున్నట్టుంది. ఆడవాళ్ళిద్దరూ అతని వైపు కూడా చూడలేదు. నూకాలు రవణమ్మ అత్తగారి పీనాసితనం దాకా వెళ్ళింది. రవణమ్మ పోయిన వారం ఇచ్చిన కుళ్ళు చేపల దాకా వెళ్ళింది. బేరం కుదిరి గంప తిరిగి తీసుకునేసరికి, పైడిరాజు తన చేతుల్ని చూసుకున్నాడు. వణకడం లేదు. ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

ఆ సాయంత్రం కనకం ల్యాబు నుంచి రాగానే తనే ఎదురొచ్చి మాట్లాడాడు.

"వచ్చిందే. వచ్చి ఎలిపోయింది. ఎవులూ ఆగలేదు. నీల్లియ్యలేదు. దాని పని అది సూసుకుంది, ఆళ్ళ పని ఆళ్ళు సూసుకున్నారు."

"నువ్వేం చేశావు?"

"ఏటి సేస్తాను? గంప మోసాను."

తర్వాత అతను పనిలోకి వెళ్ళాడు. రేవు చివర వాడకుండా వదిలేసిన పాత క్రేను ఒకటి ఉంది. మధ్యాహ్నం అన్నం వేళ క్యారేజీ పట్టుకుని దాని నిచ్చెన మధ్యలో ఆగే మొదటి ల్యాండింగ్ దాకా ఎక్కి కూర్చునేవాడు. గాభరా వచ్చేది. తరిమేవాడు కాదు. దిగేవాడూ కాదు. క్యారేజీ విప్పి తినేవాడు. మెతుకు దిగకపోతే పెరుగు కలుపుకునేవాడు. అది ఉన్నంతసేపు ఉండి పోయేది. కొన్నాళ్ళకు రెండో ల్యాండింగ్. కింద తోటివాళ్ళు ఊరుకునేవారు కాదు.

"ఏటి రాజూ, పైన హోటలెట్టావా?"

"ఎట్టాను. ఇద్దరికే భోజనం."

"రెండోవాడెవడ్రా?"

"మీకు తెలీదులే. పిలవకపోయినా వచ్చీ సుట్టం."

చివరి ల్యాండింగ్ మీద తిన్న రోజున ఇంటికి వచ్చి తల్లిని పిలిచి, "అమ్మా, రేపట్నుంచి తుమ్మినా ఆగొద్దు," అన్నాడు. అసిరమ్మ చెంపలు వాయించుకుంది. రవణమ్మ చాలా రోజుల తర్వాత కుక్కర్ పెట్టింది. అది కూతపెట్టినప్పుడు ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ రాత్రి కనకం కంచం కూడా కడిగింది.

* * *

ఇక దాచిపెట్టడం కనకానికి చేతకాలేదు. తారకం గారి గదికి వెళ్ళి నిలబడే చెప్పింది.

"సార్, అన్నయ్యకి నేను చెప్పేశాను. రాజీనామా తెచ్చాను."

ఆయన చెగోడీల డబ్బా ముందుకు జరిపారు.

"తెలుసమ్మా. చెవి వెనక బిళ్ళ ఇంకా పంపిస్తోంది కదా. ఏ మధ్యాహ్నం చెప్పావో కూడా తెలుసు. కూర్చో."

ఆమె కూర్చోలేదు.

"నిజం గంట ఒక గుంపు, ఉత్త గంట ఒక గుంపు. అవి అందరూ చేస్తారు," అన్నారాయన, పాఠం చెప్పినట్టు కాకుండా ప్రేమగా. "నమ్మిన మనిషి వచ్చి ఇది అబద్ధమని చెప్తే ఏమవుతుంది? అది ఎవరూ చూడలేదు. డాక్టరు చెప్తే నమ్మరు. నేను చెప్పమంటే మీరు చిలకల్లా చెప్తారు. సొంతమనిషి ఆగలేక, భయపడుతూ, ఏడుస్తూ చెప్పాలి. అందుకే మిమ్మల్ని మీవాళ్ళనే తీసుకురమ్మన్నాను. అందుకే చెప్పొద్దన్నాను."

"అంటే... అన్నయ్య చెయ్యి ఉత్త గంట మీదే పడుతుందని మీకెలా తెలుసు?"

"ఆ ట్రేలో నిజం గంట లేదమ్మా. నీకిచ్చిన రెండు ప్రోగ్రాములూ ఒకటే. పేర్లు వేరు."

కనకం ఆ రోజు కిటికీలోంచి ఏం చూసిందో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. గుర్తు రాలేదు.

"మిగతావాళ్ళు?"

"ఇద్దరు ఇప్పటికీ చెప్పలేదు. వాళ్ళలో ఒకమ్మాయి వాళ్ళ నాన్న మంచం దిగడం లేదు. నిజం విన్నవాళ్ళలో ఒకాయన తట్టుకోలేక ఆసుపత్రిలో ఉన్నాడు. మీ అన్నయ్య ఉన్నాడే, ఆయన వజ్రం. మొదట నరకం చూశాడు, ఇప్పుడు చూడు, గుండె ఎగురుతుంది, చెయ్యి ఆగదు. గాభరా పోలేదు. దానితో పాటు పని చేస్తున్నాడు. ఎన్నేళ్ళ మందులూ చెయ్యలేనిది చేపలగంప చేసింది."

"చేపలగంప సంగతి మీకెలా తెలుసు సార్?"

"నువ్వే కదా మొన్న క్యాంటీన్‌లో సంతోషంగా చెప్పుకున్నావు."

రాజీనామా ఆయన తీసుకోలేదు. రేవు యాజమాన్యం ముందుగంటలు కొన్నదనీ, అవి కంపెనీ సీలుతో వచ్చిన నిజం గంటలనీ, క్రేను పరీక్ష రోజున ల్యాబు తరఫున ఒకరు వెళ్ళి రిసీవర్ పట్టుకోవాలనీ చెప్పారు. "మీ అన్నయ్య పరీక్ష కూడా అదే రోజు. చూసినట్టుంటుంది, వెళ్ళిరా."

* * *

పరీక్ష సోమవారం ఉదయం. గాలి కొంచెం ఉంది. కనకం చేతిలో అగ్గిపెట్టెంత రిసీవర్ ఉంది. పైన గంట మోగితే దాని మీద ఎర్రదీపం వెలుగుతుంది.

పైడిరాజు హెల్మెట్ పట్టీ బిగించుకుని చెయ్యి చాపాడు. కనకం సీలు చించి, చెవి వెనక కొత్త బిళ్ళ అంటించి, గంట కట్టింది.

"ఇది నిజందేనా? మల్లీ ఉత్తదేటి?"

"నిజమే అన్నా."

"అయితే మోగనీ. ఎంత మోగుతాదో మోగనీ." ఆమె తల మీద వేలితో మొట్టి నిచ్చెన ఎక్కడం మొదలెట్టాడు.

అతను రెండో ల్యాండింగ్ దాటాక సేఫ్టీ ఆఫీసర్ గణపతి ఆమె పక్కకు వచ్చాడు. ఒక చేతిలో వాకీటాకీ, ఇంకో చేతిలో అట్ట.

"దీపం వెలిగితే చెప్పండి మేడం. వెలిగితే అన్‌ఫిట్టే."

"దించాల్సింది సరిగ్గా దించినా?"

"దించినా అంతే. గంట మోగిన మనిషిని కేబిన్‌లో ఉంచితే రేపేదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. కొత్త రూలు."

"ఈ రూలు పైకెక్కేవాళ్ళకి తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే కంగారుపడతారు కదండీ."

కనకం పైకి చూసింది. అన్నయ్య చెవులకు అందేంత గొంతు ఆమెకు లేదు. వాకీటాకీ గణపతి చేతిలో ఉంది. పైడిరాజు కేబిన్ తలుపు తీశాడు, లోపలికి వెళ్ళాడు. పరీక్షకు కంటైనర్ ఎత్తి, రేవు మీద గీసిన పసుపు గీతల మధ్య దించాలి. హుక్కు కదిలింది. కంటైనర్ నేల వదిలింది.

సగం ఎత్తులో ఉండగా ఆమె అరచేతిలో ఎర్రదీపం వెలిగింది.

ఆమె బొటనవేలు దాని మీద పెట్టింది. చదువుకున్న ఇన్నేళ్ళలో ఏ లెక్కా మార్చని వేలు అది. గాలికి కంటైనర్ ఒక పక్కకు ఊగింది. అది పోయినంత దూరం పోనిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటే వెళ్ళి, పైడిరాజు దాన్ని నిలబెట్టాడు. తొందర లేదు. కంటైనర్ పసుపు గీతల మధ్య, అంచు అంచుకు, చప్పుడు కాకుండా కూర్చుంది. స్లింగు కుర్రాళ్ళు ఈలలు వేశారు.

"వెలిగిందా?" అన్నాడు గణపతి.

"లేదు సార్."

"శభాష్." అతను అట్ట మీద కలం పెట్టాడు.

అప్పుడు వాకీటాకీ గరగరలాడింది.

"సార్, పైడిరాజుని. గంట మోగింది సార్! ఎత్తినప్పుడే మోగింది. గుండె ఇంకా దడదడలాడతానే ఉన్నాది. అయినా హుక్కు ఊగనిచ్చానేటి? సూసారా సార్? కనకం, సూసావేటే?"

గణపతి కలం ఆగింది. అతను కనకం ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు.

"వేలు తియ్యండి మేడం."

తీసింది. ఎండలో కూడా ఎర్రగా కనబడింది.

"మా చెల్లెలైనా ఇలాగే చేసేదిలెండి," అన్నాడు అతను మెల్లగా. "మీ ల్యాబుకి చెప్పను." అట్ట మీద ఒక్క మాట రాసి, కింద గీత గీశాడు.

"సూసారా సార్?" అంది వాకీటాకీ మళ్ళీ.

"చూశాం. దిగు."

పైడిరాజు కేబిన్ తలుపు మూసి నిచ్చెన మీదికి వచ్చాడు. పై ల్యాండింగ్‌లో ఆగి సముద్రం వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కిందికి వంగి చెల్లెలికి చెయ్యి ఊపాడు. కనకం కూడా ఊపింది.

అతను తొందరపడకుండా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నాడు. నేల మీద కాలు పెట్టేదాకా అతను క్రేను ఆపరేటరే.